మీరు సెలవు పెట్టిన శుక్రవారం ఆ క్లబ్బు నడుస్తుందా?

అమ్మా, మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నెల్లూరు నుంచి వచ్చి చెన్నైలో వేళచ్చేరి వైపు ఒక సి.బి.ఎస్.ఇ. బడిలో ఫిజిక్స్ టీచరుగా చేరారు. రెండో ఏడే ప్రిన్సిపాల్ గారు క్లబ్బుల ఫైలు మీ చేతిలో పెట్టారు. ఫైల్లో 14 క్లబ్బులున్నాయి, శుక్రవారం చివరి రెండు పీరియడ్లు వాటికే. తీరా వెళ్లి చూస్తే సగం మంది మ్యాథ్స్ హోంవర్కు చేసుకుంటున్నారు, మిగతా సగం కిటికీలోంచి స్కూలు బస్సుల వైపు చూస్తున్నారు. వీటిని ఎలా నడపాలి, 'దీనివల్ల మా పిల్లకేం ఒరుగుతుంది' అనే తల్లిదండ్రులకు ఏం చెప్పాలి, తెలుగు క్లబ్బు ఒకటి పెట్టొచ్చా అని అడిగారు.

నేను చెన్నైలో 26 ఏళ్లు బయాలజీ చెప్పి ఈమధ్యే రిటైరయ్యాను. అందులో 19 ఏళ్లు ఈ క్లబ్బుల తద్దినం నా నెత్తినే ఉంది. మొదటి ఆరేడేళ్లు అన్నీ తప్పులే చేశాను కాబట్టి అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

మొదట పనిచేసిన బడి పేరు చెప్పను. అక్కడ జూన్ చివర్లో క్లబ్బుల ప్రారంభోత్సవం పెళ్లిలా జరిగేది. కరస్పాండెంట్ గారు, ఒక చీఫ్ గెస్టు, కుత్తువిళక్కు (నిలువెత్తు దీపపు కుంది), ఫ్లెక్స్ బ్యానరు, ప్రతి క్లబ్బుకీ ఒక ప్రెసిడెంటు, ఒక సెక్రటరీ, వాళ్లకి బ్యాడ్జీలు. జూలైలో రెండు మీటింగులు అయ్యేవి. ఆగస్టు వస్తే పంద్రాగస్టు రిహార్సల్సు. సెప్టెంబరులో క్వార్టర్లీ పరీక్షలు. ఆ తర్వాత వానలు. వానలు తగ్గాక 'పోర్షన్ అవ్వలేదు మేడమ్, మీ రెండు పీరియడ్లూ ఇవ్వండి' అని మిగతా టీచర్లు క్యూ కట్టేవారు. యాన్యువల్ డే రిపోర్టులో మాత్రం 'ఈ విద్యా సంవత్సరంలో అన్ని క్లబ్బులూ చురుగ్గా పనిచేశాయి' అని నేనే రాసేదాన్ని. నాలుగేళ్లు అదే వాక్యం రాశాను. ఒక్కరూ పట్టుకోలేదు, అంటే ఒక్కరూ చదవలేదన్నమాట.

తర్వాతి బడిలో ఒక ఏడు నాకు టైఫాయిడ్ వచ్చి మూడు వారాలు మంచం మీదున్నాను. తిరిగి వచ్చి రిజిస్టర్లు తిరగేస్తే 11 క్లబ్బుల్లో తొమ్మిది ఒక్కసారి కూడా కలవలేదు. నేను లేనని మిగతా రెండూ గమనించినట్టే లేదు. కాస్త మనసు చివుక్కుమన్న మాట నిజమే. కానీ ఆ రెండూ ఎందుకు నడిచాయో వెతుక్కుంటే మిగతా ఏళ్లన్నిటికీ సరిపడా సంగతి దొరికింది.

ఒకటి చెస్. తొమ్మిదో తరగతి పిల్లాడొకడు గోడకి చార్టు అంటించి, సభ్యుల పేర్లు చీటీల మీద రాసి, నిచ్చెన మెట్లలా పైనుంచి కిందకి గుండుసూదులతో గుచ్చాడు. తనకంటే ఒకటి రెండు మెట్లు పైనున్నవాళ్లని ఎవరైనా ఆటకి పిలవొచ్చు. గెలిస్తే చీటీలు తారుమారు. అంతే నియమం. దాంతో ఎవరికి ఎవరితో ఆట బాకీ ఉందో గురువారానికే అందరికీ తెలిసిపోయేది. అట్టడుగున ఉన్న ఆరో తరగతి పాపకి పైనున్న ఛాంపియన్‌తో పనే లేదు, తన పై మెట్టు మీదున్నవాడే ఆమెకి లోకం. చెన్నైలో చెస్ క్లబ్బుకి పిల్లలు దొరకడం కష్టం కాదు. ఆనంద్ 1988లో దేశానికి తొలి గ్రాండ్‌మాస్టరయింది ఈ ఊరి నుంచే. 2022లో ఒలింపియాడ్ పక్కనే మామల్లపురంలో జరిగింది. 2024 డిసెంబరులో 18 ఏళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయిన గుకేశ్ ఇక్కడి తెలుగింటి పిల్లాడు. ఆ వారం మా బడిలో బోర్డులు చాల్లేదు. దొరికిన పిల్లలు మూడు ఆటలు ఓడిపోయాక కూడా మళ్లీ రావడమే కష్టం. ఆ పని నిచ్చెన చేస్తుంది, మనం చెయ్యలేం.

రెండోది ఈకో క్లబ్బులోని ఐదుగురు. భోజనాల తర్వాత చేతులు కడుక్కునే చోట పెట్టిన బకెట్లలో ఎంత అన్నం పారేస్తున్నారో వాళ్లు తూచేవారు. కాయలాంకడలో (పాత సామాను కొట్లో) కొన్న పాత స్ప్రింగు తక్కెడ, ఒక లాంగ్ సైజు నోటుబుక్కు, అంతే సరంజామా. తరగతి, రోజు, బరువు రాసుకునేవారు. కొన్నాళ్లకి వాళ్లకో సంగతి కనబడింది: భోజనానికి ముందు పీటీ పీరియడ్ ఉన్న రోజున ఆ తరగతి బకెట్ తేలిగ్గా ఉంటోంది. ఆరో తరగతి బకెట్ మాత్రం రోజూ బరువే. ఎందుకా అని కాపు కాస్తే, చిన్నపిల్లలు కుళాయి దగ్గర క్యూలో నిలబడేసరికే సగం బ్రేకు అయిపోతోంది. నోటుబుక్కు పట్టుకుని నేరుగా ప్రిన్సిపాల్ గది ముందు నిలబడ్డారు. ఆరో తరగతికి పది నిమిషాలు ముందు గంట కొట్టడం మొదలైంది. నేను అప్పుడు ఇంట్లో పథ్యం తింటున్నాను.

రెంటిలోనూ ఉన్నది ఒకటే. ఈ వారం లేచేటప్పటికి వచ్చే వారానికి ఏదో బాకీ పడి ఉంటుంది. ఆడాల్సిన ఆట, రాయాల్సిన అంకె. మిగతా తొమ్మిది క్లబ్బుల్లో ఆ బాకీ నా బుర్రలో ఉండేది. 'ఈ వారం ఏం చేయిద్దాం' అని నేను ఆలోచిస్తే ఉండేది, నేను పడుకుంటే క్లబ్బూ పడుకునేది. ఈ 19 ఏళ్లలో నేను నేర్చుకున్నది ఇంతే, కింద రాసేదంతా దానికి తోకే.

ముందు మీ 14 తగ్గించండి. ఎన్.సి.సి., స్కౌట్స్ మీ జాబితాలో ఉంటే వాటిని పక్కన పెట్టండి. వాటికి వేరే అధికారులు, వేరే పరేడ్లు, వేరే పరీక్షలు ఉన్నాయి, మీ శుక్రవారంతో పనిలేదు. ఇంటరాక్ట్ ఉందన్నారు. అది 1962 నుంచి ఉన్న రోటరీ వాళ్ల ఏర్పాటు, 12 నుంచి 18 ఏళ్ల పిల్లలకి. ఏడాదికి రెండు ప్రాజెక్టులు చెయ్యాలి, ఒకటి బడికో ఊరికో పనికొచ్చేది, ఇంకొకటి ఇతర దేశాల గురించి తెలుసుకునేది. అండగా ఉండే రోటరీ క్లబ్బు నుంచి నెలకోసారైనా ఎవరైనా వస్తుంటే ఉంచండి, బ్యాడ్జీల రోజున మాత్రమే వస్తుంటే మర్యాదగా పక్కన పెట్టండి. పిల్లలు సొంతంగా వస్తువులు తయారు చేసి చూసుకునే అటల్ ల్యాబ్ ఉందో లేదో మీరు రాయలేదు. 2016లో మొదలైన ఆ పథకంలో ఒక్కో బడికి 20 లక్షల దాకా ఇస్తారు, 6 నుంచి 12 తరగతుల పిల్లల కోసం. కొన్ని బళ్లలో త్రీడీ ప్రింటరు మీద దుప్పటి కప్పి, విజిటర్లు వచ్చిన రోజున తీస్తారు. మీ బడిలో అలాంటి దుప్పటి ఉంటే మీ మొదటి పని దాన్ని తీయడమే.

మిగిలిన వాటిలో ఐదు ఉంచండి చాలు. లిటరరీ, డిబేటు, ఎలొక్యూషన్ మూడూ ఒకటే మనుషులు, కలిపేయండి. క్విజ్ ఉంచండి గానీ జీకే పుస్తకం బట్టీ పట్టించకండి. వారానికో జట్టు ప్రశ్నలు తయారు చెయ్యాలి, టీచర్లు కూర్చుని జవాబులు చెప్పాలి. తమిళం సార్ ఓడిపోతుంటే చూడటానికి బడంతా వస్తుంది.

ప్రైవేటు బళ్లలో పనిచేసే మనకి గవర్నమెంటు బళ్లంటే కొంచెం చిన్నచూపు. 2022 నుంచి ఇక్కడి ప్రభుత్వ బళ్లలో సాహిత్యానికి, క్విజ్‌కి, సినిమాకి విడివిడిగా మన్రాలు, అంటే మన క్లబ్బుల్లాంటివే, పెట్టి నడుపుతున్నారు. ఆ ఏడు నవంబరులోనే 'వానవిల్ మన్రం' అని 6 నుంచి 8 తరగతుల వాళ్లకి సైన్సు, లెక్కల ప్రయోగాలు చేయించే పథకం మొదలైంది. సామాను సంచిలో వేసుకుని మనుషులే బడికి వస్తారు. వీలైతే మీ దగ్గర్లోని ప్రభుత్వ బడికి ఒక మధ్యాహ్నం వెళ్లి కూర్చుని చూడండి.

ఇప్పుడు మీకోసం ప్రత్యేకంగా ఒకటి చెప్తాను, ఎందుకంటే మీరు ఫిజిక్స్, పైగా ఉండేది వేళచ్చేరి. చెన్నైకి ఏడాది మొత్తంలో పడే వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. క్లబ్బులు చచ్చిపోయేదీ ఆ మూడు నెలల్లోనే, రెయిన్ హాలిడేల మధ్య. ఆ వాననే పనిగా పెట్టుకోండి. పిల్లలందరి చేతా వానకొలత సీసాలు చేయించండి. రెండు లీటర్ల కూల్ డ్రింకు సీసా, అంచులు నిటారుగా ఉండేది తీసుకుని, పైభాగం కోసి దాన్నే తలకిందులుగా గరాటులా పెట్టాలి. అడుగు ఎగుడుదిగుడుగా ఉంటుంది కాబట్టి గులకరాళ్లు వేసి, నిటారు భాగం మొదలయ్యే దాకా నీళ్లు పోసి, అక్కడ సున్నా గీత గీయాలి. అక్కణ్ణుంచి పైకి స్కేలు అంటించాలి. గరాటు మూతి, సీసా ఒకే వెడల్పు కాబట్టి లోపల ఎన్ని మిల్లీమీటర్లు పెరిగితే అంత వాన. ఒక మిల్లీమీటరు వానంటే చదరపు మీటరుకి ఒక లీటరు నీళ్లని లెక్క కట్టిస్తే, తమ మేడ మీద పడిన నీళ్లెన్నో వాళ్లే చెప్తారు. పొద్దున 8.30కి చూసి రాయమనండి, వాతావరణ శాఖ వాళ్లు 24 గంటల వాన లెక్క కట్టేది ఆ వేళకే. నుంగంబాక్కం, మీనంబాక్కం రెండు కేంద్రాల అంకెలూ రోజూ బయటికి వస్తాయి, పక్కన రాసుకోవచ్చు. మడిపాక్కంలో ఉండే పిల్ల అంకె, అడయారులో ఉండే పిల్లాడి అంకె ఒకే రోజున ఎంత తేడాగా ఉంటాయో చూసినప్పుడు పిల్లల మొహాలు చూడాలి. మొదట 'నువ్వు తప్పు రాశావు' అని కొట్టుకుంటారు, తర్వాత ఒకళ్ల ఇంటికి ఒకళ్లు వెళ్లి సీసాలు పరీక్ష చేస్తారు. సెలవిచ్చినా క్లబ్బు ఆగదు, ఎందుకంటే సెలవిచ్చిన రోజే కొలవాల్సిన రోజు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫానుకి మీ వేళచ్చేరి ఎలా మునిగిందో ఆ పిల్లలు కళ్లారా చూసే ఉంటారు. పక్కనే పళ్లికరణై చిత్తడినేల ఉంది, 2022లో రాంసర్ జాబితాలో, అంటే ప్రపంచస్థాయిలో ముఖ్యమైన చిత్తడినేలల జాబితాలో, చేరింది. ఇన్ని నీళ్లు ఎక్కడికి పోవాలి, ఎక్కడ ఆగిపోతున్నాయి అన్న ప్రశ్న మీరు అడగక్కర్లేదు, సీసా పట్టుకున్నవాళ్లే అడుగుతారు. ఇది బాగా కుదిరితే జాతీయ బాలల సైన్సు కాంగ్రెసుకి పంపే ప్రాజెక్టవుతుంది. 1993 నుంచి నడుస్తున్న కార్యక్రమం అది, 10 నుంచి 17 ఏళ్ల పిల్లలకి, చుట్టుపక్కల సమస్యనే తీసుకోమంటారు. కానీ పోటీ కోసం మొదలుపెట్టకండి. పోటీ కోసం మొదలైనది పోటీ మర్నాడు ఆగిపోతుంది.

బయటికి తీసుకెళ్లే సంగతి. పిల్లలందరూ అడిగేది తాబేళ్ల నడక. జనవరి నుంచి మార్చి దాకా శుక్ర, శనివారాల రాత్రులు నీలాంగరై నుంచి బీసెంట్ నగర్ దాకా ఇసుకలో నడుస్తూ ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గుడ్లు వెతికి, గుంటలోంచి తీసి హేచరీలో, అంటే గుడ్లు పొదిగేదాకా కాపాడే చోట, పాతుతారు. ఆ నడకలు నడిపే సంస్థని 1988లో విద్యార్థులే మొదలుపెట్టారు, ఇప్పటికీ విద్యార్థులే నడుపుతున్నారు. టీచరు సెలవు పెట్టినా నడిచే క్లబ్బుకి ఈ ఊళ్లో అంతకంటే పెద్ద ఉదాహరణ నాకు తెలీదు. కానీ ఎనిమిదో తరగతి పిల్లల్ని అర్ధరాత్రి నడకకి తీసుకెళ్లకండి, ప్లస్ వన్ వాళ్లని తల్లిదండ్రుల్లో ఎవరో ఒకరితో పంపండి. చిన్నవాళ్లకి పిల్ల తాబేళ్లని సముద్రంలోకి వదిలే సాయంత్రాలు చాలు. 2025 జనవరిలో వందల కొద్దీ చచ్చిన తాబేళ్లు ఈ తీరానికి కొట్టుకొచ్చాయి. ట్రాలర్ల వలల్లో చిక్కితే పైకొచ్చి గాలి పీల్చుకోలేక చస్తాయని ఏడో తరగతి పిల్లకి చెప్పాల్సి వచ్చింది. ఆ పిల్ల ఇంట్లో చేపలు తినడం మానేసి వాళ్లమ్మ చేత నాకు ఫోన్ చేయించింది.

ఎక్కడికి వెళ్లినా ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, అందులో ఒకరు ఆడమనిషి. సంతకం పెట్టిన కన్సెంట్ ఫారం లేకుండా ఒక్క పిల్లనీ బస్సెక్కించకండి, ప్రిన్సిపాల్ కూతురైనా సరే. బయటినుంచి శిక్షకుడు వస్తే ఎంత మంచివాడైనా పిల్లలతో ఒంటరిగా గదిలో వదలకండి.

డబ్బు గురించి ఎక్కువ చెప్పను. పిల్లల దగ్గర వసూలు చెయ్యకండి, తప్పనిసరై చేస్తే లెక్క ఒక ఎనిమిదో తరగతి పిల్ల రాయాలి, మీరు కాదు.

పదవులు జూన్‌లో మార్చకండి. అందరూ చేసే తప్పిది. ఫిబ్రవరి, మార్చిలో పదో తరగతి, ప్లస్ టూ వాళ్లు బోర్డు పరీక్షలకి వెళ్లిపోతారు, జూన్‌లో వచ్చే కొత్త సెక్రటరీకి రిజిస్టరు ఎక్కడుందో కూడా తెలీదు. హాఫ్ ఇయర్లీ సెలవులయ్యాక, జనవరిలో, పొంగల్ లోపు మార్చేయండి. పాతవాళ్లు ఇంకో నాలుగు వారాలు పక్కనుంటారు. పగ్గాలు ఎప్పుడూ తొమ్మిదో తరగతి, ప్లస్ వన్ వాళ్ల చేతుల్లో ఉండాలి.

పోర్షన్ అవ్వలేదని పీరియడ్లు అడిగే టీచర్లకి: 2020 జాతీయ విద్యా విధానం పాఠాలకీ సహపాఠ్యాలకీ మధ్య గట్టి గోడ ఉండకూడదనే చెప్పింది, 6 నుంచి 8 తరగతుల మధ్య ఎప్పుడైనా ఒక పది రోజులు సంచీ లేకుండా బడికి రమ్మంది. ఆ పేజీ ప్రింటు తీసి ప్రిన్సిపాల్ గారికివ్వండి. మీరు వాదించడం కంటే ఆవిడ వాదించడం సులువు.

తల్లిదండ్రులకి మాత్రం నిజమే చెప్పండి. జేఈఈకీ నీట్‌కీ క్లబ్బు సర్టిఫికెట్‌తో ఒక్క మార్కు కలవదు. ఆటల్లో రాష్ట్రస్థాయి దాటితే స్పోర్ట్స్ కోటా ఉంది గానీ అది క్లబ్బు కాదు, అది వేరే జీవితం. కొంతమంది టీచర్లు 'లీడర్‌షిప్ క్వాలిటీస్ వస్తాయండీ' అంటుంటారు. ఆ మాట వింటే గుంటూరు కాలేజీల పద్ధతి చూసి వచ్చిన నాన్నలు నవ్వుకుంటారు. నేను రిజిస్టరు తెరిచి చూపించేదాన్ని. 'ఇది మీ పాప రాసింది, జూలైలో ఇలా రాసింది, నవంబరులో ఇలా రాసింది.' చాలామంది ఆ తర్వాత ఏమీ అడగలేదు. ఒకాయన మాత్రం, 'సరే మేడమ్, కానీ పదో తరగతిలో వద్దు' అన్నాడు. అదీ న్యాయమే, ఒప్పుకున్నాను.

ఇక తెలుగు క్లబ్బు. తప్పకుండా పెట్టండి, కానీ 'తెలుగు సాహితీ సమితి' అని బోర్డు రాయకండి. 2006 చట్టంతో ఇక్కడ ఒకటో తరగతి నుంచి ఏడాదికో తరగతి చొప్పున తమిళం తప్పనిసరి అవుతూ వచ్చింది. మన ఇళ్లలో పిల్లలు తెలుగు చక్కగా మాట్లాడతారు, చదవమంటే నీళ్లు నములుతారు. వాళ్ల చేత పద్యాలు అప్పజెప్పిస్తే రెండో వారానికి క్యారమ్స్ క్లబ్బులో తేలతారు. నేను చేసింది ఇది: నెలకో పోస్టుకార్డు. ప్రతి పిల్లా అమ్మమ్మకో తాతయ్యకో తెలుగులో నాలుగు వాక్యాలు రాయాలి, తప్పులు దిద్దను. జవాబు వస్తుంది. ఆ గొలుసుకట్టు చేతిరాత పిల్లలకి అర్థం కాదు, అందరూ కలిసి కూడబలుక్కుని చదవాలి. అదే వచ్చే వారం పని. కావలి నుంచి ఒక తాతగారు కార్డు చాలక అంచుల చుట్టూ రాసి పంపేవారు, దాన్ని తిప్పుతూ తిప్పుతూ చదివేవాళ్లం.

తమిళ పిల్లల్ని కూడా రానివ్వండి. వాళ్లలో సగం మంది సాయంత్రం పాటల క్లాసుకి వెళ్తారు, నేర్చుకునే కీర్తనల్లో చాలా భాగం తెలుగు, మాట మాటకీ అర్థం తెలియకుండానే పాడతారు. మార్గళి (ధనుర్మాసం) కచ్చేరీల ముందు, నవంబరులో, 'ఈ పాటలో ఈ మాటకి అర్థం ఏంటి' అని ఒక అయ్యంగార్ల పిల్ల అడిగితే మన పిల్లలు తెల్లమొహం వేశారు. ఇంటికెళ్లి నానమ్మని అడిగి వచ్చారు. ఆ ఏడు తెలుగు క్లబ్బులో తెలుగువాళ్ల కంటే తమిళులే ఎక్కువ. చూపించడానికి ఊళ్లో చోట్లున్నాయి. 1952 అక్టోబరు 19 నుంచి 58 రోజులు పొట్టి శ్రీరాములు గారు నిరాహారదీక్ష చేసి ప్రాణం వదిలిన ఇల్లు మైలాపూరులో స్మారక భవనంగా ఉంది. కోట్టూర్‌పురం అన్నా శతజయంతి గ్రంథాలయంలో ఉన్న ప్రాచ్య లిఖిత గ్రంథాలయంలో తెలుగు తాళపత్రాలున్నాయి. ముందుగా ఉత్తరం రాసి అనుమతి తీసుకుని వెళ్లండి.

ఒక చిన్న విషయం మర్చిపోయేదాన్ని. మీ క్లబ్బుల సామాను ఏ గదిలో ఉంది, దాని తాళంచెవి ఎవరి దగ్గరుంది? మా బడిలో ల్యాబ్ అటెండరు మూడింటికే వెళ్లిపోయేవాడు, చెవి ఆయన జేబులో వెళ్లిపోయేది, పిల్లలు వరండాలో నిలబడి ఇంటికి పోయేవారు. రెండో చెవి చేయించడానికి నాకు ఒక టర్మంతా పట్టింది. సోమవారమే అడగండి, చెవి ఆఫీసు గదిలో మేకుకి వేలాడాలి, ఎవరు తీసుకెళ్లారో పక్కన చీటీ మీద రాసి తీసుకెళ్లాలి.